అమెరికా కొనకపోతే మన రొయ్య ఎవరు కొంటారు?

మీరు అడిగింది ఇది: అమెరికా ఒక్క దేశం సుంకం పెంచితే ప్రపంచమంతా ఎందుకు కంగారుపడుతుంది, 140 కోట్ల జనాభా ఉన్న మనకి వేరే కొనేవాళ్లు దొరకరా, అసలు మన రొయ్య మనమే తింటే సరిపోదా. పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర మీ నాన్నగారికి నాలుగెకరాల రొయ్యల చెరువు ఉందని, మళ్లీ రొయ్య పిల్ల వేయాలా మానాలా అని ఇంట్లో రోజూ ఇదే చర్చ అని కూడా రాశారు. అందుకే కాస్త పొడుగైనా వివరంగా చెబుతాను.

ముందు సూటిగా జవాబు. కొనేవాళ్లు దొరుకుతారు. కానీ అదే సరుకుని, అదే ధరకి, అదే నెలలో కొనేవాళ్లు దొరకరు. ఆ తేడా ఎంతైతే అంత ముందు పడేది రైతు మీద. ఎగుమతిదారు మీద తర్వాత పడుతుంది, అమెరికాలో తినేవాడి మీద అందరికంటే చివర పడుతుంది. ఈ వరస ఎందుకిలా ఉందో అర్థమైతే మీ ప్రశ్నలో మిగతాదంతా దానంతట అదే తేలుతుంది.

నేను 1999 నుంచి ఈ పనిలోనే ఉన్నాను. మొదట ప్లాంటులో గ్రేడింగ్ దగ్గర, తర్వాత చెరువుల మీద తిరిగి సరుకు కొనడం, గత పన్నెండేళ్లుగా ఎగుమతి ఆర్డర్లు చూడటం. ఆర్థికశాస్త్రం చదువుకున్నవాడిని కాదు, కానీ ఒక దేశం మీద ఆధారపడటం అంటే ఏమిటో చెరువు గట్టు మీద నిలబడి చూశాను.

అంకెలతో మొదలుపెడదాం. 2024-25లో మన దేశం 7.41 లక్షల టన్నుల ఫ్రోజెన్ రొయ్య ఎగుమతి చేసింది, విలువ 43 వేల కోట్ల రూపాయల పైనే. అందులో దాదాపు 3.12 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లింది, అంటే ప్రతి ఐదు కిలోల్లో రెండు కిలోల పైనే. దేశం నుంచి వెళ్లే సాగు రొయ్యలో సగానికి చాలా పైన మన ఆంధ్రదే కాబట్టి, అక్కడ ఒక సంతకం పడితే భీమవరం, కైకలూరు, నెల్లూరు వైపు ఆ సాయంత్రానికే ధర కదులుతుంది.

ఇక అమెరికాయే ఎందుకు అన్నది. వాళ్ల జనాభా 34 కోట్లు, ప్రపంచంలో నాలుగు శాతం కాస్త పైన. కానీ అక్కడి కుటుంబాలు ఇంటి ఖర్చుల కింద 2024లో పెట్టింది దాదాపు 20 లక్షల కోట్ల డాలర్లు. అదే ఏడాది చైనా మొత్తం జీడీపీ అంతకంటే తక్కువ. చైనాలో పండేదీ తయారయ్యేదీ అంతా కలిపినా అమెరికా ఇళ్లలో పెట్టే ఖర్చుకి సరితూగదు. పైగా చైనా జీడీపీలో కుటుంబాల ఖర్చు వాటా 40 శాతం లోపే, అమెరికాలో మూడింట రెండొంతులు. మన దగ్గర ఆ వాటా బాగానే ఉంటుంది, 60 శాతం దాకా, కానీ తలసరి ఆదాయమే అమెరికాలో మనకంటే ముప్పై రెట్లు. జనం లెక్క వేరు, కొనే శక్తి లెక్క వేరు. 140 కోట్ల మంది ఉన్నారు కదా అన్నప్పుడు మనమంతా పొరబడేది ఇక్కడే.

ఇంకో కారణం ఉంది, నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. మనం పెట్రోలు కొనాలంటే ముందు ఏదో ఒకటి అమ్మి డాలర్లు సంపాదించాలి. అమెరికాకి ఆ అవసరం లేదు, కొన్నదానికి దాదాపు అంతా తన సొంత కరెన్సీతోనే డబ్బు కడుతుంది. 2024లో వాళ్లు అమ్మిన సరుకు కంటే కొన్న సరుకు 1.2 లక్షల కోట్ల డాలర్లు ఎక్కువ. మామూలు దేశం ఇలా నాలుగేళ్లు చేస్తే కరెన్సీ కుప్పకూలుతుంది. అమెరికాకి అలా జరగకపోవడానికి కారణం ఏమిటంటే, ఆ డాలర్లు సంపాదించిన జపాన్, చైనా లాంటి దేశాలు వాటిని తిరిగి అమెరికా ప్రభుత్వ బాండ్లలోనే పెడతాయి. ఒక్క జపాన్ దగ్గరే లక్ష కోట్ల డాలర్లకి పైగా బాండ్లున్నాయి. అంటే అమ్మేవాళ్లే కొనేవాడికి అప్పిస్తున్నారు. మన ఊళ్లో మేత డీలరు అప్పు మీద మేత ఇచ్చి, పట్టుబడి (చెరువులో రొయ్య పట్టేయడం) అయ్యాక సరుకు తనకే ఇవ్వమంటాడు చూడండి, అక్కడ అప్పిచ్చినవాడి మాట చెల్లుతుంది. ఇక్కడ తిరగబడింది, అప్పు తీసుకుంటున్నవాడి మాటే చెల్లుతోంది. ఎందుకంటే అతను కొనడం మానేస్తే అప్పిచ్చినవాళ్ల ఫ్యాక్టరీలు ఆగిపోతాయి.

సరే, రొయ్య దగ్గరికి వద్దాం. ఒక దేశం మీద ఆధారపడటం అంటే సరుకు అక్కడికి ఎక్కువ వెళ్లడం ఒక్కటే కాదు. సరుకు రూపమే ఆ దేశానికి తగ్గట్టు మారిపోతుంది. అసలు చిక్కు అదే, బయటివాళ్లకి అది కనపడదు.

మా ప్లాంటులో వలిచే హాలు చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే తెల్ల కోట్లు, నెత్తికి టోపీలు, గమ్ బూట్లు వేసుకుని ఆడవాళ్లు స్టీలు బల్లలకి రెండు పక్కలా నిలబడతారు. బల్ల మీద ఐసు, ఐసు మీద రొయ్య. తల తీయాలి, తొక్క వలవాలి, వీపు మీద చిన్న గాటు పెట్టి నల్లటి నరం లాగేయాలి, తోక చివర మాత్రం విరగకుండా ఉంచాలి. ఆ తోక ఎందుకంటే అమెరికాలో పార్టీల్లో దాన్ని పట్టుకుని సాస్‌లో ముంచుకుని తింటారు. ఒక్క తోక విరిగితే ఆ రొయ్య వేరే గ్రేడులోకి వెళ్తుంది, రేటు తగ్గుతుంది. ఆ చల్లటి నీళ్లలో వేళ్లు మొద్దుబారిపోయినా ఆ తోక విరగనివ్వకుండా పని చేసేవాళ్లు మా దగ్గర వందల మంది ఉన్నారు, ఎక్కువమంది కిలో లెక్కన కూలి తీసుకునేవాళ్లే. ఈక్వడార్ మనకంటే ఎక్కువ రొయ్య పండిస్తుంది, అమెరికాకి మనకంటే ఎంతో దగ్గర. అయినా అక్కడ మనం నిలబడింది ఈ చేతి పని వల్లే. ఇదే సరుకుని చైనాకి పంపాలంటే వాళ్లు ఎక్కువగా అడిగేది తలతో ఉన్న పూర్తి రొయ్య. అంటే ఈ హాలు పని ఉండదు, ఈ ఆడవాళ్లకి పని ఉండదు. మార్కెట్ మార్చుకోండి అని టీవీలో తేలిగ్గా అంటుంటారు, ఈ బల్లల దగ్గర నిలబడి ఆ మాట అంటే వాళ్ల మొహాలు చూడలేరు.

చెరువులో కూడా అంతే. అమెరికాకి కావలసింది ఎక్కువగా 30, 40, 50 కౌంటు, అంటే కిలోకి అన్ని తూగే పెద్ద రొయ్య. 100 కౌంటు రెండు నెలలు, రెండున్నర నెలల్లో వచ్చేస్తుంది. 30 కౌంటుకి రావాలంటే నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా పైన. అన్ని రోజులూ మేత, కరెంటు, డీజిలు, రాత్రిపూట నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ ఆగితే గుండె దడ. ఈ రిస్కు రైతు తీసుకుంటున్నది అమెరికా ధరని నమ్మే. ఇంకోటి, 2009లో మన దేశంలో వనామీ అనే రొయ్య రకానికి అనుమతి వచ్చినప్పటి నుంచి, పిల్లల్ని పుట్టించే హేచరీలకి కావలసిన తల్లి రొయ్యలు కూడా ఎక్కువగా అమెరికా కంపెనీల దగ్గర నుంచే విమానంలో చెన్నై క్వారంటైన్‌కి వస్తున్నాయి. విత్తనమూ అక్కడిదే, కొనేదీ అక్కడే.

2025లో ఏం జరిగిందో నేను దగ్గరగా చూశాను, చెబుతాను. ఏప్రిల్ 2న మన మీద 26 శాతం అని ప్రకటించారు. అది అమల్లోకి రాకముందే, ఇంకా ఒక్క డాలరు అదనంగా కట్టకముందే, మా వైపు ధర కిలోకి 40 రూపాయల దాకా పడిపోయింది. వారం తిరిగేసరికి 90 రోజులు వాయిదా అన్నారు, పడిన ధర మాత్రం అంత తొందరగా లేవలేదు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి లేఖ రాయాల్సి వచ్చింది. తర్వాత ఆగస్టు 7 నుంచి 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25. వాటి పైన అంతకుముందే ఉన్న 5.77 శాతం సబ్సిడీ వ్యతిరేక సుంకం, రెండున్నర శాతం దాకా యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే సుంకం). మొత్తం 58 దాటింది. అదే సమయంలో ఈక్వడార్‌కి 15, ఇండోనేషియాకి 19, వియత్నాంకి 20. సుంకం అందరికీ సమానంగా పడితే బతకొచ్చు, ధర పెరిగినా అందరిదీ పెరుగుతుంది. మనకి ఒక్కళ్లకే ఎక్కువ పడింది, దెబ్బ అక్కడ.

ఆగస్టు రెండో వారంలో విశాఖ పోర్టు నుంచి మా కంటైనర్లు కొన్ని బయలుదేరాయి. కొత్త రూలులో ఒక వెసులుబాటు ఇచ్చారు: 27కి ముందు ఓడ ఎక్కిన సరుకు సెప్టెంబరు 17 లోపల అక్కడ క్లియర్ అయితే అదనపు 25 శాతం ఉండదు. వినడానికి బాగుంది. కానీ మన దగ్గర నుంచి అమెరికా తూర్పు తీరానికి ఓడ చేరడానికి నలభై, నలభై ఐదు రోజులు పడుతుంది. ఎలా లెక్కేసినా సెప్టెంబరు ఆఖరి వారం. మా ఆర్డర్లలో చాలావరకు సుంకంతో సహా మేమే భరించి కొనేవాడి గోడౌన్‌కి చేర్చే పద్ధతి. అంటే సముద్రం మధ్యలో ఉన్న సరుకు మీద, ధర ఎప్పుడో కుదిరిపోయిన సరుకు మీద, మేం 25 శాతం అదనంగా కట్టాలి. లాభం సంగతి అటుంచండి, మా వ్యాపారంలో మార్జిన్ అంత ఉండనే ఉండదు. రోజూ ఓడ ఎక్కడుందో ఫోనులో చూసుకోవడం, ఆ నెల రోజులూ అదే టెన్షన్. అక్కడి కొనుగోలుదారుతో మాట్లాడితే సగం భరిస్తాడేమో అని ఆశపడ్డాం. చివరికి చాలా తక్కువ భరించాడు, తర్వాతి ఆర్డరు ఈక్వడార్ వాళ్లకి ఇచ్చాడు. అతన్ని తప్పు పట్టలేను, అతనికి షెల్ఫులో రొయ్య ఉండాలి. (సుంకాల రేట్లు మారుతూనే ఉంటాయి, మీరు చదివేనాటికి ఏ రేటు ఉందో చూసుకోండి. నేను చెప్పేది రేటు గురించి కాదు, దెబ్బ ఏ దారిన వస్తుందో దాని గురించి.)

ఇప్పుడు రైతులందరూ అడిగే ప్రశ్న, మీ నాన్నగారు కూడా అడిగే ఉంటారు. 100 కౌంటు అమెరికా వెళ్లదు కదా, చైనాకో యూరప్‌కో వెళ్తుంది కదా, దాని ధర ఎందుకు తగ్గించారు? ఏప్రిల్‌లో గట్ల మీద ఈ ప్రశ్నతో నన్ను నిలదీశారు, నాకు తల దించుకోవాల్సి వచ్చింది. నిజాయితీగా చెప్పాలంటే ఇందులో రెండూ ఉన్నాయి. కొంతమంది కొనుగోలుదారులు అవకాశం చూసుకుని తగ్గించారు, అది అన్యాయమే, సమర్థించను. కానీ రెండో కారణం కూడా నిజం. పెద్ద కౌంటుకి ధర ఉండదని భయం పుట్టగానే, 50 కౌంటు దాకా పెంచుదామనుకున్న రైతు 90కో 100కో పట్టేస్తాడు. అందరూ ఒకే వారంలో పట్టేస్తే చిన్న రొయ్య మార్కెట్లో గుట్టలు పడుతుంది, ప్లాంట్లలో చోటుండదు, ఐసు దొరకదు. అమెరికాకి ఎప్పుడూ వెళ్లని సరుకు ధర కూడా అమెరికా వల్ల పడేది ఇలాగే. ఒక పెద్ద కొనుగోలుదారు ప్రభావం అతను కొనే సరుకు దగ్గర ఆగదు, పక్క సరుకుకి కూడా పాకుతుంది. బట్టలు, స్టీలు, ఎలక్ట్రానిక్స్ ఏది తీసుకున్నా ఇదే జరుగుతుంది. అమెరికా తలుపు వేస్తే అక్కడికి వెళ్లాల్సిన సరుకు పక్క దేశం మీద పడి అక్కడ ధర విరగ్గొడుతుంది. నేరుగా అమెరికాకి ఏమీ అమ్మని దేశాలు కూడా కంగారుపడేది అందుకే.

రొయ్యలు పక్కనపెట్టి మిగతా దేశాలు చూడండి, మన పరిస్థితే నయమనిపిస్తుంది. మెక్సికో ఎగుమతుల్లో 80 శాతం పైన అమెరికాకే. కెనడాది నాలుగింట మూడొంతులు. వియత్నాం ఒక్క అమెరికాకి అమ్మేదాని విలువ దాని జీడీపీలో పావు వంతు ఉంటుంది. ఆఫ్రికాలో లెసోతో అనే చిన్న దేశం ఉంది, ఇరవై లక్షల పైచిలుకు జనం, అమెరికా బ్రాండ్లకి జీన్స్ కుట్టి బతుకుతుంది. ఏప్రిల్ 2025 జాబితాలో దాని మీద 50 శాతం వేశారు, తర్వాత 15కి తగ్గించారు. కానీ ఆ మధ్యలో ఆర్డర్లు పోయాయి, కుట్టేవాళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు. తగ్గించినంత మాత్రాన ఆర్డరు తిరిగి రాదు, అప్పటికే వేరే చోట కుదిరిపోయి ఉంటుంది.

చైనా బయటపడింది కదా అని మీరు అడగొచ్చు. కొంతవరకు నిజమే. 2018లో చైనా ఎగుమతుల్లో దాదాపు ఐదో వంతు అమెరికాకి వెళ్లేది, 2024కి 15 శాతం దగ్గరికి వచ్చింది. 2025లో అమెరికాకి ఎగుమతి బాగా పడిపోయినా మొత్తం వాణిజ్య మిగులు లక్ష కోట్ల డాలర్లు దాటింది. కానీ దానికి ఏడేళ్లు పట్టింది, వెనక ప్రభుత్వ బ్యాంకులు, పోర్టులు, ఫ్యాక్టరీలు అన్నీ నిలబడ్డాయి. పంట పంటకీ అప్పు తెచ్చుకునే నాలుగెకరాల రైతుకి ఏడేళ్లు ఎవరిస్తారు?

ఇదేమీ కొత్త కాదు, ఇది కూడా చెప్పాలి. నేను చేరిన రోజుల్లో మా ప్లాంటులో అందరి నోటా వినపడే పేరు జపాన్. అప్పుడు టైగర్ రొయ్య. తల తీసి, తొక్క ఉంచి, 1.8 కిలోల బ్లాకులుగా గడ్డకట్టించి పంపేవాళ్లం. జపాన్ నుంచి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే ప్లాంటంతా పెళ్లిల్లులా ఉండేది, ఒక్కో బ్లాకులో రొయ్యలు వరసగా పేర్చి ఉండాలి, మీసం బయటికి రాకూడదు. జపాన్ లేకపోతే మనం లేం అని అప్పటి మా మేనేజరు గట్టిగా నమ్మేవారు. అక్కడ ఆర్థిక వ్యవస్థ ఏళ్ల తరబడి మందగించింది, జనం ఖరీదైన రొయ్య తగ్గించారు, ఆ స్థానంలోకి అమెరికా వచ్చింది. ఆ మార్పు మాకేమీ తేలిగ్గా జరగలేదు. బ్లాకుల మెషీన్లు పక్కనపెట్టి, ఒక్కో రొయ్య విడివిడిగా గడ్డకట్టే ఐక్యూఎఫ్ లైన్లు వేయాల్సి వచ్చింది, అప్పు చేయలేని ప్లాంట్లు మూతపడ్డాయి. అమెరికా వైపు వెళ్లి కుదురుకుంటున్నామనేలోపు, 2003 చివర్లో అక్కడి దక్షిణ రాష్ట్రాల రొయ్యల వేటగాళ్లు మన మీద, మరో ఐదు దేశాల మీద యాంటీ డంపింగ్ ఫిర్యాదు పెట్టారు. 2005 నుంచి మనకి పది శాతం దాకా సుంకం పడింది. 2008లో అమెరికాలో బ్యాంకులు కూలాక మరుసటి ఏడు ప్రపంచ వాణిజ్యమే 12 శాతం పడిపోయింది, అప్పుడు మా వైపు ఎండబెట్టి వదిలేసిన చెరువులు ఎన్నో చూశాను. మళ్లీ 2012, 13ల్లో థాయ్‌లాండ్‌లో ఈఎంఎస్ అనే జబ్బు వచ్చి వాళ్ల పంట పోతే, ఆ ఖాళీలోకి మన వనామీ దూసుకెళ్లింది. ఆ రెండేళ్ల లాభాలు చూసి వరి చేలు కూడా చెరువులయ్యాయి. 2025లో మనం ఈక్వడార్‌ని చూసి ఏడ్చినట్టే అప్పుడు థాయ్ రైతులు మనల్ని చూసి ఏడ్చి ఉంటారు.

వేరే మార్కెట్ల సంగతి, ఒక్కొక్కటి క్లుప్తంగా. యూరప్ మంచి మార్కెట్, ధర ఇస్తుంది, కానీ యాంటీబయాటిక్ అవశేషాల విషయంలో ఊరుకోదు. 2016 నుంచి మన సాగు రొయ్య కన్‌సైన్‌మెంట్లలో సగం ఆపి పరీక్ష చేస్తోంది. 2025 సెప్టెంబరులో కొత్తగా 102 ప్లాంట్లకి అనుమతి ఇచ్చింది, ఇది నిజంగా పెద్ద విషయం. చైనా ఎంతైనా కొంటుంది, కానీ ధర లాగుతుంది, పైగా ఎప్పుడు ఆపుతుందో తెలియదు. కరోనా సమయంలో ప్యాకింగ్ మీద వైరస్ ఆనవాళ్లున్నాయని మన ప్లాంట్లు కొన్నింటిని ఆపేసింది. వియత్నాం మన రొయ్య కొని, వలిచి, వండి మళ్లీ ఎగుమతి చేస్తుంది, అంటే మన వలిచే హాలు పని వాళ్లకి పోతుంది. ఆస్ట్రేలియా 2017లో తెల్లమచ్చ వ్యాధి భయంతో తొక్క తీయని పచ్చి రొయ్యకి తలుపు వేసింది, 2025 అక్టోబరులో కొన్ని షరతులతో కాస్త తెరిచింది, అది చిన్న మార్కెట్. 2025 సుంకాల తర్వాత చైనా, వియత్నాం, యూరప్ ఎక్కువ కొనడం వల్లే మన ఎగుమతి కుప్పకూలలేదు. కాబట్టి అమెరికా లేకపోతే అంతే సంగతులు అన్నవాళ్ల మాట తప్పు. ఏమీ కాలేదు కదా అంటున్నవాళ్ల మాట కూడా తప్పే, ఎగుమతి లెక్క నిలబడినా చెరువు గట్టు ధర ఎక్కడ నిలబడిందో రైతుని అడగాలి.

మనమే తింటే అన్నారు. ఈ లెక్క నాకు చాలా ఇష్టం, ఎందుకంటే కాగితం మీద అద్భుతంగా ఉంటుంది. 7.41 లక్షల టన్నుల్ని 140 కోట్ల మందికి పంచితే మనిషికి ఏడాదికి అర కిలో కాస్త పైన. అమెరికావాడు సగటున రెండు కిలోలకి పైగా తింటాడు. అర కిలో మనం తినలేమా? తినగలం. కానీ శాకాహారుల్ని తీసేయండి, రొయ్య పడనివాళ్లని తీసేయండి, కోడిమాంసం కంటే రెట్టింపు పెట్టలేనివాళ్లని తీసేయండి. మిగిలినవాళ్లకి కూడా భీమవరం రొయ్య నాగపూర్‌లోనో ఇండోర్‌లోనో తాజాగా అందాలంటే దారి పొడుగునా చలి గదులు, ఫ్రీజర్ లారీలు కావాలి, చివర చిన్న షాపులో కరెంటు పోకుండా ఉండే ఫ్రీజర్ కావాలి. మన హైదరాబాదులోనే చాలామంది ఫ్రోజెన్ రొయ్య ప్యాకెట్ చూసి పాతదేమో అంటారు, ఐసులో పెట్టి మూడు రోజులైన రొయ్య తాజాది అని కొంటారు. ఈ అలవాటు మారాలి, మారుతుంది కూడా. కోడిగుడ్డు విషయంలో మారింది కదా, ఒకప్పుడు అది కూడా ఇంత మామూలు తిండి కాదు. నా మటుకు నాకు, ప్రభుత్వం ఎగుమతి రాయితీలకి పెట్టే డబ్బులో కొంతైనా దేశంలో అమ్మకానికి పెట్టి ఉంటే, పదిహేనేళ్ల కిందటే మొదలుపెట్టి ఉంటే, 2025 ఏప్రిల్‌లో రైతు అంత ఒంటరివాడయ్యేవాడు కాదు.

అమెరికా కూడా మన మీద ఆధారపడిందిగా అని కొందరంటారు. నిజమే, వాళ్లు తినే రొయ్యలో 90 శాతం పైన దిగుమతే, లూసియానా, టెక్సాస్ పడవలు పట్టేది ఏ మూలకీ చాలదు. కానీ రెండు ఆధారపడటాలూ ఒకటి కావు. రొయ్య ధర పెరిగితే అక్కడి గృహిణి ఆ వారం చికెన్ కొంటుంది. చెరువులో ఉన్న రొయ్యకి రేపు పొద్దున మేత వేయకుండా ఆపలేం. బేరంలో గెలిచేది ఆగగలిగినవాడే, మనం ఆగలేం.

ఇక మీ నాన్నగారి చెరువు. మానేయమని చెప్పను, కళ్లు మూసుకుని వేయమనీ చెప్పను.

అప్పు ఎవరి దగ్గర తీసుకుంటున్నారో చూసుకోండి. మేత అప్పిచ్చినవాడికే సరుకు ఇవ్వాలన్న షరతు ఉంటే, ధర పడిన రోజు మీకు ఆగే వీలుండదు. బ్యాంకు అప్పు దొరికితే తిరగడం కష్టమైనా అదే మేలు.

పిల్ల పలచగా వేయండి. ధర బాగున్న రోజుల్లో ఎకరానికి లక్షన్నర వేసినవాళ్లు ఇప్పుడు లక్ష లోపు వేసి, 100 కౌంటు దగ్గర కొంత తీసేసి, మిగతాది పెంచుతున్నారు. చిన్నది ఒక మార్కెట్‌కి, పెద్దది ఇంకో మార్కెట్‌కి వెళ్తుంది, రెండు ధరలూ ఒకే రోజు పడటం తక్కువ. మేత ఖర్చే పెట్టుబడిలో సగం పైన కాబట్టి పలచగా వేస్తే నష్టం కూడా పలచగానే ఉంటుంది.

యాంటీబయాటిక్ పేరు చెప్పి ఎవరు ఏ సీసా ఇచ్చినా చెరువులో పోయొద్దు. ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) దగ్గర చెరువు ఎన్‌రోల్ చేయించుకోండి, పట్టుబడికి ముందు శాంపిల్ పరీక్ష చేయించి ఆ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకోండి, భీమవరంలోనే ల్యాబ్ ఉంది. యూరప్ సరుకు కొనే ప్లాంట్లు ఆ కాగితం లేని చెరువు వైపు చూడవు. గత ఏడాది మా దగ్గరికి వచ్చిన ఇద్దరు రైతులవి పక్క పక్క చెరువులు, ఒకే కౌంటు, ఒకే రోజు పట్టుబడి. కాగితం ఉన్నాయనకి యూరప్ ఆర్డరులో ధర వచ్చింది, లేనాయన లోకల్ ధరకి ఇచ్చి వెళ్లాడు.

చెరువు లోతు, నీళ్లు కాలవవా బోరువా, గత రెండు పంటల్లో సర్వైవల్ (వేసిన పిల్లలో బతికినది) ఎంత వచ్చిందో రాయండి. ఎకరానికి ఎంత పిల్ల వేయొచ్చో, ఏ నెలలో వేస్తే మేలో లెక్కేసి చెబుతాను.